నిప్పుకి రాని ఇల్లు

ఆ ఏడాది కార్తీకమాసం అంతా మా గెడ్డపేట నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది. తెల్లవారగానే మంచు చెరువు మీంచి లేచి వీధుల్లోకి వచ్చేసేది. ఎదురింటి చూరు కనపడదు. ముందు మనిషి దగ్గు వినపడుతుంది, తర్వాత మనిషి వస్తాడు. ఆ మంచుకి ఒక వాసన. చెరువులో ఊరేసిన గోగు వాసన. పై ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. మాకు అది లేకపోతే నిద్ర పట్టదు.

అరవై ఎనిమిదో సంవత్సరం. రాజాంకి ఆరు మైళ్ళు మా ఊరు. గోగు సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్తాను. గోగు కోసి, మోపులు కట్టి, చెరువులో ముంచి, మీద బురద పెళ్ళలు పేరుస్తారు. ఇరవై రోజులకి బెరడు మెత్తబడుతుంది. అప్పుడు మొలలోతు నీళ్ళలో నిలబడి ఒక్కో కర్రా విరిచి నార లాగాలి. నార రైతుది. నార లాగేశాక మిగిలే తెల్లటి పుల్లలు లాగినవాళ్ళవి. ఎప్పటినుంచో అంతే. కూలోళ్ళ పొయ్యిలు ఏడాది పొడుగునా ఆ పుల్లల మీదే మండేవి.

ఆ ఏడు గణపతిరావు ఆ పుల్లల మీద కన్నేశాడు. గోగు పొలాల్లో సగం ఆయనవే, చెరువు వేలంపాట కూడా ఆయనదే. "పుల్లలూ నావే. రాజాం నుంచి లారీ వస్తాది, ఎత్తేస్తాను" అన్నాడు.

"అయితే నీళ్ళలోకి కూడా నువ్వే దిగు" అన్నాను నేను.

నా పేరు సోములు. నాలుగో క్లాసుతో బడి మానేశాను. మిగతా చదువంతా రాజాం బస్సుల దగ్గర పాత పేపర్లలో పకోడీల నూనె తుడిచి చదివిందే. రెండెకరాల మెట్ట ఉంది. కూలీ సంఘం నేనే పెట్టాను, నేనే నడిపాను. ఎవరైనా ఎదురు మాట్లాడితే వాళ్ళకంటే గట్టిగా నేను మాట్లాడేవాణ్ణి. నాయకత్వం అంటే అదే అనుకునేవాణ్ణి.

అంతకు ముందు ఏడు నేను ఊళ్ళో ఒక గొప్ప పని చేశాను. ఇంటింటికీ నెలకో అగ్గిపెట్టె పంచడం మొదలెట్టాను.

అప్పటిదాకా పేదిళ్ళలో పొద్దున్నే పొయ్యి రాజెయ్యాలంటే చేతిలో కుండపెంకు పట్టుకుని నిప్పుకి వెళ్ళడమే. కొందరు గణపతిరావు పెరటికి వెళ్ళేవారు. అక్కడ పాలేరు కణికలు నేల మీదికి విసిరేవాడు, ఆడోళ్ళు వంగి పెంకులోకి తోసుకునేవారు. అది చూస్తే నా ఒళ్ళు మండేది. మిగతావాళ్ళు మా ఇంటికొచ్చేవారు. మా దాలి వీధి వారనే ఉండేది. పాలకుండ కింద గుంటలో పిడకలు నివురు కప్పుకుని రాత్రీ పగలూ కాలుతూనే ఉండేవి. మా అమ్మ తవిటమ్మ కాపరానికొచ్చిన రోజున రాజేసిన నిప్పట అది, ఎన్నడూ ఆరలేదట. పోయేముందు మా ఆవిడ నీలవేణికి అప్పజెప్పి పోయింది.

"ఒకరి గుమ్మంలో ఇంకొకరు వంగడం నేటితో సరి! ఎవులగ్గి ఆళ్ళింట్లోనే!" అని మీటింగులో అరిచాను. మాట అన్నాక ముందు నేనే చేసి చూపించాలి కదా. ఇంటికొచ్చి కడివెడు నీళ్ళు మా దాలిలో గుమ్మరించాను. బుస్సుమంది. నీలవేణి గుమ్మంలో నిలబడి చూసింది. ఏమీ అనలేదు. ఆ తర్వాత ఏడాది పాటు కూడా దాదాపు ఏమీ అనలేదు. కూడు వడ్డించేది. పక్కన కూర్చుని "ఉప్పు సరిపోయిందేటి?" అని అడిగే అలవాటు ఉండేది, అది మానేసింది. అది మానేసిందని కూడా నేను గమనించలేదు. నాకు మీటింగులు ఎక్కువ.

*

సమ్మెకి పదిరోజుల ముందు, మంచులోంచి ఒక ఎడ్లబండి వచ్చి మా ఇంటి ముందు ఆగింది. బండిలో ఒక రేకు పెట్టె, ఒక కిరసనాయిలు స్టవ్వు, కళ్ళజోడు పెట్టుకున్న ఒక పిల్ల. పేరు జగదీశ్వరి. వాల్తేరులో యూనివర్సిటీ. సంస్కృతం మాస్టారి కూతురట. రెండు నెలలు ఊళ్ళో ఉండి పరిశోధన చెయ్యాలంది. కాగితాలు చదివే ఇల్లు ఏదని ఎవర్నో అడిగితే మా ఇల్లు చూపించారు.

"ఏటి పరిశోధన?" అన్నాను.

"మనుషులు ఎదగడానికీ, వాళ్ళ మధ్య కట్టు ఎంత గట్టిగా ఉందన్నదానికీ సంబంధం ఉందా అని. ఆ కట్టుని కొలవాలి."

"మనుషులేటి, గోగు మోపులా కట్టు కొలవడానికి?"

ఆ పిల్ల నవ్వింది. "అలాగే అనుకోండి సోములు గారూ. తాడు ఎక్కడుందో తెలియని మోపులు."

ఊరు ఆమెకి పంతులమ్మ అని పేరు పెట్టేసింది. అచ్చేసిన కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. తోడు నేను. పదకొండో ప్రశ్న నాకు బాగా నచ్చింది: మీకు ఆపద వస్తే మొదట ఎవరింటికి వెళతారు? ఎవర్ని అడిగినా నా వైపు ఒకసారి చూసి, "ఇంకెవులింటికమ్మా, సోములింటికే" అనేవారు. నేను మీసం దువ్వుకునేవాణ్ణి.

మూడో రోజు సాయంత్రం ఆ పిల్ల కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "రేపటినుంచి మీరు నాతో రావద్దు."

"ఏం?"

"నలభై రెండిళ్ళు. కాగితం మీద గీసిన నలభై రెండు బాణాలూ మీ ఇంటికే వచ్చాయి. ఇలాంటి ఊరు భూమ్మీద ఉండదు. మీరు పక్కన నిలబడి మీసం దువ్వుతుంటే వాళ్ళు ఇంకేం చెప్తారండీ?"

వంటింట్లోంచి నవ్వు వినపడింది. నీలవేణి నవ్వు. ఆ నవ్వు ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో అని ఒక్క క్షణం అనిపించింది. తర్వాత కోపం వచ్చింది.

నీలవేణి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఆపదొస్తే ఎవులింటికి ఎల్తావని అడిగితే ఎవులు సెప్తారు పంతులమ్మా? ఆపదని నోటితో అనడమే సెడ్డ. నిప్పుకి ఎవులింటికి ఎల్లీదానివని అడుగు. అప్పుడు సూడు."

మర్నాడు మా అరుగు మీద తిరనాళ్ళయింది. ఆడోళ్ళంతా పోగై ఒకరి మాట మీద ఒకరు పడి చెప్తున్నారు. ఎవరి నిప్పు చురుకు, ఎవరి నిప్పు మెతక, ఏ అత్త కణిక ఇస్తూ కూడా కోడలి మీద చాడీ చెప్పేది, ఎవరు నిప్పు పేరు చెప్పి గంట నిలబడిపోయేవారు. పంతులమ్మ గీతలు గీస్తూనే ఉంది.

అందరికంటే పెద్ద గొంతు జగ్గమ్మది. వీధి చివర ఇల్లు, మొగుడు లేడు, కళ్ళు కనపడని అత్తని సాకుతూ కూలి చేసుకునేది, మా ఆవిడని అక్క వరసన అప్పా అని పిలిచేది. "నాను తవిటమ్మత్త దాలికే వచ్చీదాన్ని. నాదే మొదటి పెంకు. నాను వచ్చినాకే కోడి కూసీది."

"కోడికి నీ గొంతంటే భయమే జగ్గీ!" అంది నీలవేణి.

"ఊరుకో అప్పా. ఒకనాడు నాను రానేదని తలుపు బాదీసింది నువ్వు కాదేటి? 'ఒసే, సచ్చావేటే' అని! జొరంతో మూలుగుతున్నాను పంతులమ్మా. గంజి తెచ్చి నోట్లో పోసి, మల్లీ తిట్టి ఎల్లింది."

అందరూ నవ్వారు. నేను అరుగు చివర కూర్చుని సమ్మెకి కరపత్రం రాసుకుంటున్నాను. ఈ ఆడోళ్ళ సోది ఎప్పుడు ఆగుతుందా అని చూస్తున్నాను. ఆ మాట నా చెవి పక్కనుంచే పోయింది.

*

సమ్మె మొదలైంది. ఊరిన గోగు పది పన్నెండు రోజులకంటే ఆగదు, నార జుట్టులా చితికిపోతుంది. అన్నాళ్ళు మేం నీళ్ళలో దిగకుండా ఉంటే గెలిచినట్టు. ఒక్కరు దిగితే, వెనక పదిమంది దిగుతారు. లెక్క అంత తేలిక.

ఆరు రోజులు చెరువు అద్దంలా ఉంది. ఊరి బయట పేట కుర్రోళ్ళతో అసిరయ్య గట్టు మీద కాపలా ఉండేవాడు. ఆరడుగుల మనిషి, గొంతు మాత్రం పిల్లి గొంతు. ఏడో రోజు తెల్లవారుతూనే నన్ను లేపాడు.

"బాబూ, నీటిలో ఎవులో ఉన్నారు. మంచుకి తెల్దు. సప్పుడు ఇనిపిస్తన్నాది."

పరిగెత్తాం. గట్టు మీద నిలబడితే లోకం లేదు, తెల్లగా పాలు పోసినట్టుంది. ఆ తెలుపులో ఎక్కడో టప్, టప్ అని కర్ర విరుగుతోంది. కాసేపటికి నీటి మీద ఒక తెల్ల పుల్ల తేలుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. కలలో వచ్చే వాటిలా అవి వస్తూనే ఉన్నాయి. మంచు కొంచెం పలచబడింది. నడుం లోతు నీళ్ళలో జగ్గమ్మ.

నాకు నోరు ఆగదు. ఊరంతా గట్టు మీదికొచ్చేదాకా తిట్టాను. "ఒసే జగ్గీ! గణపతిరావు గింజలకి అమ్ముడైపోయావేటే! నలభై రెండిళ్ళ నోట్లో మన్ను కొట్టీసినావు!" ఇంకా చాలా అన్నాను. అవి ఇక్కడ రాయను.

జగ్గమ్మ, ఆ పెద్ద గొంతు జగ్గమ్మ, ఒక్క మాట అనలేదు. చేతిలో నార నీళ్ళలో వదిలేసింది. గట్టెక్కి, నీళ్ళు కారుకుంటూ, మా అందరి మధ్యనుంచి నడిచి మంచులోకి వెళ్ళిపోయింది.

నాకు అదీ చాల్లేదు. సమాధానం చెప్పించాలని వెనకే వెళ్ళాను. నా వెనక నీలవేణి, పంతులమ్మ.

జగ్గమ్మ ఇంటి చూరు బాగా కిందికి ఉంది. వంగి లోపలికి దూరాను. లోపల చీకటి, చలి. పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. బూడిద మీద మెత్తగా చుట్ట చుట్టుకుని, అది దాని చోటే అన్నట్టు. దూలం మీద నేనిచ్చిన అగ్గిపెట్టె కనపడింది. మూలనుంచి కళ్ళు లేని ముసలమ్మ తలెత్తింది.

"ఎవులమ్మా? నిప్పుకి వచ్చారేటి?"

పొయ్యి రాయి మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది.

జగ్గమ్మ గోడకి చేరబడి చీర కొంగు పిండుకుంటోంది. "పొయ్యి ఎలిగి నాలుగు రోజులయ్యింది బావ. నాను ఉండగల్ను. ముసిల్ది ఉండనేదు."

"మరి సెప్పొచ్చు కదా! ఊరు నేదేటి? నానున్నాను కదా!"

"ఏటని సెప్పను? మా పొయ్యి నెగనేదని వీధిలో డప్పు కొట్టనా?" గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇదివరకు నోరిప్పక్కర్నేదు. పొద్దున్న నిప్పుకి రాకపోతే తెలిసీది. ఇప్పుడు నువ్విచ్చిన అగ్గిపెట్టి ఉన్నాది. సూడు, పుల్లలు నిండా ఉన్నాయి. దేని కింద గియ్యమంటావు?"

బయట మంచు ఊరి చూర్లన్నిటినీ కప్పేసి ఉంది. ఏ ఇంటి మీద పొగ లేస్తోందో, ఏ ఇంటి మీద లేవడం లేదో ఆ నెలంతా ఎవరికీ కనపడలేదు. నాకూ కనపడలేదు.

*

మధ్యాహ్నం పంతులమ్మ రెండు కాగితాలు మా ఇంటి నడవాలో నేల మీద పరిచింది. చుక్కలంటే ఇళ్ళు. గీతలంటే ఎవరు ఎవరింటికి పొద్దున్నే వెళ్ళేవారో. మొదటి కాగితం అగ్గిపెట్టెలకి ముందరిది. సాలెగూడులా ఉంది. గణపతిరావు పెరటి చుట్టూ కొన్ని గీతలు, అవి నేను తెంపాలనుకున్నవి. మధ్యలో ఒక చుక్కలోకి పద్దెనిమిది గీతలు. అది మా ఇల్లు. ఆ చుక్క మీద "సోములు" అని లేదు. "తవిటమ్మ, నీలవేణి" అని ఉంది.

రెండోది ఇప్పటిది. చుక్కలున్నాయి. వాన వెలిశాక ఇసకలో పడ్డ గుంటల్లా, దేనికది.

"నానే సేశానా ఇది?" అన్నాను.

"ఎంత ఉందో కొలుస్తాను గానీ, ఎవరు చేశారో నేను రాయనండీ" అంది ఆ పిల్ల, తల ఎత్తకుండా.

నేను లేచి బియ్యం కుండలో చెయ్యి పెట్టాను. నీలవేణి ఆపింది.

"ఎక్కడికి?"

"జగ్గమ్మకి ఇచ్చొస్తాను."

"పొద్దున్న ఊరంతా ఇనీలాగ తిట్టి, మద్దేన్నం గింజలు పట్టుకెల్తావా? నీ మొకాన కొడతాది. నానైనా అదే సేస్తాను."

"మరేటి సెయ్యమంటావు?"

"అడుగు."

"ఏటడగను?"

మా ఆవిడ చూరులోంచి ఒక పెంకు తీసింది. మా అమ్మ వాడిన పెంకు, అంచు నల్లగా మాడింది. ఏడాదిగా అక్కడ దాచిపెట్టిందని నాకు అప్పుడే తెలిసింది. దాన్ని నా చేతిలో పెట్టింది. "రేపు దాలి రాజేస్తాను. మన దాలిలో మొదటి పెంకు జగ్గిది. మొదటి నిప్పూ దాని పొయ్యిదే అవ్వాల. ఎల్లి అడిగి తే."

*

మర్నాడు మంచు ఇంకా దట్టం. వీధి పొడుగునా నా అడుగులు నాకే ఎవరివో అనిపించాయి. ఒకరి గుమ్మంలో ఎవరూ వంగకూడదని అరిచినవాణ్ణి, చేతిలో పెంకు పెట్టుకుని జగ్గమ్మ చూరు కింద వంగాను. వంగకపోతే ఆ ఇంట్లోకి దారి లేదు.

"జగ్గమ్మా, కాసింత నిప్పు పెట్టు."

లోపలినుంచి జగ్గమ్మ అంది, "ఎకసెక్కాలేటి బావ? పొయ్యే నేదు, నిప్పెక్కడిది?"

"అగ్గిపెట్టి ఉందిగా. రాజెయ్యి. నాను కూర్చుంటాను."

కూర్చున్నాను, మట్టి మీదే. నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. నిన్న నేనన్న మాటలన్నీ ఆ చూపులో ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. క్షమించమని అడగడం నాకు అప్పటికి రాదు. పెంకు ముందుకి పట్టుకుని కూర్చోవడం ఒక్కటే వచ్చింది.

ముసలమ్మ అంది, "ఒసే, నిప్పుకొచ్చినోల్ని కూకోబెట్టి సూస్తావేటే? పెట్టి పంపు."

జగ్గమ్మ లేచింది. చూరులోంచి గుప్పెడు గడ్డి లాగింది, మూలనున్న విరిగిన కావిడిబద్ద తెచ్చింది. పిల్లి లేచి ఒళ్ళు విరుచుకుని పోయింది. పుల్ల గీసింది. మంట లేచేసరికి ముసలమ్మ మొహం ఎర్రగా అయింది, చూపులేని కళ్ళు అటు తిప్పింది.

సరిగ్గా అప్పుడు నీలవేణి వంగి లోపలికొచ్చింది, చంకలో కుండతో. "రాజేసిన పొయ్యి ఒట్టిగా మండకూడదు" అంటూ, ఎవరి మొహమూ చూడకుండా కుండ పొయ్యి మీద పెట్టేసింది. ఆ మాట మా ఊళ్ళో ఎవరూ కాదనరు. మండే పొయ్యి మీద కుండ లేకపోతే ఇంటికి అరిష్టం. కుండలో నీళ్ళున్నాయి, అంబలికి సరిపడా సోడిపిండి, అదే రాగిపిండి, ఉంది.

జగ్గమ్మ కుండ వైపు చూసింది. తర్వాత నీలవేణి వైపు. "గొప్ప తెలివైందానివే అప్పా" అంది. గొంతు కొంచెం పాత గొంతయింది. మండుతున్న కావిడిబద్ద కొస విరిచి, కణిక చేత్తోనే తీసి నా పెంకులో పెట్టింది. విసరలేదు.

దాన్ని పట్టుకుని మంచులో నడిచాను. నడిచేకొద్దీ గాలికి కణిక ఎర్రబడుతోంది. నా చెయ్యి కూడా నాకు కనపడటం లేదు, అది ఒక్కటే కనపడుతోంది. వీధిలో తలుపులు కిర్రుమంటున్నాయి. ఎవరో అడిగారు, "ఎవులది ఆ నిప్పు?" జగ్గమ్మ ఇంటిదన్నాను. వెనక ఇంకెవరివో అడుగులు. దాలిలో పిడకలు అందుకుని పొగ లేచేసరికి ఎదురింటి గంగులు పెళ్ళాం పెంకుతో నిలబడి ఉంది. తర్వాత పేటనుంచి అసిరయ్య చెల్లెలు. మంచులోంచి పెంకులు ఒక్కొక్కటే వచ్చాయి, ఎర్రగా వెనక్కి వెళ్ళాయి.

నీలవేణి నిప్పు పెడుతూ వేళ్ళు మడుస్తోంది. "ముగ్గురు రానేదు" అంది చివరికి. ఎవరెవరో నేనూ లెక్కపెడుతూనే ఉన్నాను. పెంకు తీసుకుని వాళ్ళ గుమ్మాలకి బయల్దేరాను.

*

పన్నెండో రోజు గణపతిరావు గట్టు మీదనుంచి వంగి ఒక మోపులో చెయ్యి పెట్టాడు. నార వేళ్ళ మధ్య చితికింది. చెయ్యి కడుక్కుంటూ, "పుల్లలు మీరే పట్టుకుపోండి, మిగిలిన మోపులైనా లాగండి" అన్నాడు. గట్టు మీద అసిరయ్య తన పిల్లి గొంతుతో జై కొట్టాడు. అందరితో పాటు నేనూ కొట్టాను. మధ్యాహ్నానికి అందరూ నీళ్ళలో ఉన్నారు. మా ఆవిడా, జగ్గమ్మా పక్కపక్కన.

పంతులమ్మ వెళ్ళే రోజున పెట్టె కట్టుకుంటూ ఆగింది. "సోములు గారూ, ఊరందర్నీ అడిగాను, మిమ్మల్ని అడగలేదు. పదకొండో ప్రశ్న. మీకు ఆపద వస్తే మొదట ఎవరింటికి వెళతారు?"

ఇదివరకైతే నవ్వేవాణ్ణి. వీధి చివరకి చూశాను. మంచులో ఏమీ కనపడలేదు. కనపడక్కర్లేదు.

"జగ్గమ్మ ఇంటికని రాసుకో అమ్మా."

రాసుకుంది. బండి మంచులోకి వెళ్ళిపోయింది. ఎడ్ల మెడల గంటలు బండికంటే చాలాసేపు వినపడ్డాయి.

ఆ పూట కూటికి కూర్చున్నాను. నీలవేణి వడ్డించి, వంటింట్లోకి పోకుండా, గోడకి చేరబడి పక్కనే కూర్చుంది. ఒళ్ళంతా గోగు వాసన.

"ఉప్పు సరిపోయిందేటి?" అంది.

నేనింకా ముద్ద నోట్లో పెట్టుకోలేదు. సరిపోయిందన్నాను.